సగం మిగిలిన వైన్ సీసా: ఎన్నాళ్లు నిలుస్తుంది, ఆ తరువాత ఏం చేయాలి?

సగంసీసా

సభ్యులకు నమస్కారం. మా ఇంట్లో వైన్ తాగేది నేనొక్కడినే కాబట్టి, 750 మి.లీ. సీసా తెరిచిన సాయంత్రం ఒకటి, మహా అయితే రెండు గ్లాసులతో సరిపోతుంది. గ్లాసుకు 150 మి.లీ. చొప్పున చూస్తే ఇంకా మూడు గ్లాసులు మిగులుతాయి. ఈ చర్చ ఆ మూడు గ్లాసుల గురించే. ఇంతకాలం నేను తీసిన కార్కునే మళ్లీ బిగించి, సీసాను వంటగది గట్టు మీద, పొయ్యికి కాస్త ఎడంగా నిలబెడుతూ వచ్చాను. మరునాటికి రుచి బాగానే ఉంటుంది. మూడో నాటికి పండ్ల వాసన తగ్గిపోయి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క లాంటి వాసన తేలుతుంది. ఐదో నాడు పారబోస్తాను. మొన్న అలా పారబోస్తూ లెక్క వేసుకుంటే, నేను కొన్నదాంట్లో నాకంటే సింకే ఎక్కువ తాగుతోందని తేలింది.

ఎర్ర వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఎప్పుడో విన్న మాట పట్టుకుని ఇంతవరకు పెట్టలేదు. అది నిజమేనా? గాలిని తోడేసే చేతిపంపులు పనిచేస్తాయా? రుచి తగ్గిన వైన్‌ను వంటలో ఏ దశ వరకు వాడవచ్చు? ఇంట్లో వెనిగర్ చేసిన అనుభవం ఎవరికైనా ఉంటే ఆ సంగతి కూడా వివరంగా రాయగలరు.

నిదానం

మొదట ఫ్రిజ్ సంగతి తేల్చుకుందాం. ఎర్రదైనా తెల్లదైనా, తెరిచిన సీసా ఉండవలసిన చోటు ఫ్రిజ్జే. ఎర్ర వైన్‌ను చల్లగా తాగకూడదన్న మాట, చల్లగా దాచకూడదన్న మాటగా మారి ప్రచారంలోకి వచ్చినట్టుంది. తాగడానికి అరగంటో ముప్పావుగంటో ముందు బయట పెడితే సరిపోతుంది.

ఇక మీ సీసాలో జరుగుతున్నవి రెండు పనులు. ఒకటి, గాలిలోని ఆక్సిజన్ మొదట పండ్ల సువాసననిచ్చే పదార్థాలను దెబ్బతీసి, ఆపైన ఆల్కహాల్‌ను కొద్దికొద్దిగా ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. మీరు చెప్పిన కోసిన ఆపిల్ వాసన దానిదే. రెండు, ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా అదే గాలిని వాడుకుని ఆల్కహాల్‌ను వెనిగర్ చేస్తుంది. వైన్ పులిసిపోవడం వెనుక సూక్ష్మజీవులు ఉన్నాయని 1860లలోనే లూయీ పాశ్చర్ నిరూపించాడు. మొదటి మార్పు రోజుల్లో తెలుస్తుంది, రెండోది సాధారణంగా వారాలు పడుతుంది. చలి ఈ రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. పది డిగ్రీలు తగ్గితే రసాయన చర్యల వేగం సుమారుగా సగమవుతుందన్న మోటు లెక్క ప్రకారం చూసినా, 25 డిగ్రీల గట్టు మీద ఒక రోజులో జరిగే చెడుపు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో జరగడానికి నాలుగు రోజులు పడుతుంది. చల్లని ద్రవంలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుందన్న వాదన ఒకటి ఉంది, అది నిజమే కానీ, వేగం తగ్గడం వల్ల కలిగే మేలు ముందు ఆ నష్టం చిన్నది.

సీసాను పడుకోబెట్టవద్దు, నిలబెట్టండి. పడుకోబెడితే గాలికి తగిలే వైన్ ఉపరితలం చాలా పెరుగుతుంది. కార్కును తిప్పి పెట్టవద్దు, వైన్ తడిసిన కొనే లోపలికి వెళ్లాలి. పైకొన ఎన్నాళ్ల దుమ్మును మోసిందో మనకు తెలియదు.

వగరు_రుచి

నిదానం గారు చెప్పినదానికి చిన్న అనుబంధం. అన్ని వైన్‌లూ ఒకే తీరున పాడవవు. టానిన్ ఎక్కువగా ఉండి నాలుకకు గట్టిగా వగరు తగిలే ఎర్ర వైన్, ఉదాహరణకు కాబర్నే సోవిన్యోన్, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. కొన్నిసార్లు రెండో రోజే మొదటి రోజుకంటే మెత్తబడి బాగుంటుంది కూడా. పీనో న్వార్ అనే తేలికపాటి ఎర్ర వైన్ సుకుమారం, రెండు రోజులకు మించి ఆశ పెట్టుకోవద్దు. తేలికైన తెల్ల వైన్, రోజే (rosé) అనే గులాబీరంగు వైన్ మూడు నుంచి ఐదు రోజులు. కొద్దిగా తీపి, మంచి పులుపు ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ వారం దాకా ఆగడం నా అనుభవంలో ఉంది. పాతబడి పక్వమైన ఖరీదైన సీసా అయితే దాచే ఆలోచన మానుకుని, తెరిచిన రోజే నలుగురితో పంచుకోవడం మేలు.

చిన్నసీసా

నేను పదేళ్లుగా పాటిస్తున్న పద్ధతి చెబుతాను. దీనికి పరికరమేమీ అక్కరలేదు, 375 మి.లీ. పట్టే మరమూత సీసా ఒక్కటి చాలు. అయితే అసలు కిటుకు సీసాలో లేదు, సమయంలో ఉంది. నేను మిగిలినదాన్ని దాచను, ముందే తీసి దాచిన తరువాత మిగతాది తాగుతాను.

పెద్ద సీసా మూత తీసిన మరుక్షణం, మొదటి గ్లాసు కూడా నింపకముందే, వేడినీటితో కడిగి బోర్లించి ఆరబెట్టిన చిన్న సీసాలో గరాటు పెట్టి, గరాటు కొస సీసా లోగోడకు ఆనేలా వంచి, వైన్ గలగల చప్పుడు చేయకుండా గోడ వెంట జారేలా పోస్తాను. చప్పుడు వస్తోందంటే గాలి కలుస్తోందని అర్థం. ద్రవం మెడలోకి ఎక్కి, మూతకు వేలి వెడల్పు దూరంలో ఉండగా ఆపి మూత బిగిస్తాను. అప్పుడు లోపల గాలికి తగిలే వైన్ చిన్న నాణెం అంత వెడల్పు మాత్రమే ఉంటుంది. ఆ సీసా నేరుగా ఫ్రిజ్‌లోకి వెళుతుంది, పెద్ద సీసాలోని సగం ఆ పూట భోజనానికి. ఇలా దాచిన వైన్ వారం, పది రోజుల తరువాత తీసినా, పక్కన కొత్త సీసా పెట్టి పోల్చుకుంటే తప్ప తేడా పట్టుకోలేకపోయాను.

రెండు గంటలసేపు బల్ల మీద తెరిచి ఉంచి, నాలుగుసార్లు వంచి, ఆఖరున అడుగున మిగిలినదాన్ని చిన్న సీసాలోకి మార్చితే ఈ ఫలితం రాదు. అప్పటికే ఆక్సిజన్ కలిసిపోయి ఉంటుంది.

సగంసీసా

చిన్నసీసా గారు, ఇంత తేలిక పద్ధతి నాకు తోచనందుకు సిగ్గుగా ఉంది. అయినా ఒక సందేహం. సీసాలో గాజు గోలీలు వేసి వైన్ మట్టాన్ని మెడదాకా పెంచవచ్చని ఒక మిత్రుడు చెప్పాడు. అది కూడా ఇదే సూత్రం కదా?

చిన్నసీసా

సూత్రం అదే. కానీ ఆట గోలీల గాజులోనూ రంగులోనూ ఏమేమి కలిపారో తెలియదు, పైగా సీసా వంచగానే అవన్నీ మెడలోకి దొర్లుకొచ్చి దారి మూసేస్తాయి. నేను ఒకసారి ప్రయత్నించి, బల్ల మీది గుడ్డను మార్చుకోవలసి వచ్చింది.

నిదానం

ఖాళీ ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూస్తే మరింత స్పష్టపడుతుంది. సగం ఖాళీ అయిన 750 మి.లీ. సీసాలో 375 మి.లీ. గాలి ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం కాబట్టి అది సుమారు 78 మి.లీ., బరువులో 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. వైన్‌లో గాలి కరగగలిగినంత కరిగినా, లీటరుకు 8 మిల్లీగ్రాముల మేరకే ఆక్సిజన్ పడుతుంది, అంటే ఆ అర సీసా వైన్‌లో 3 మిల్లీగ్రాములు. కాబట్టి చిన్న సీసాలోకి ఒంపేటప్పుడు కలిసే గాలి కంటే ఖాళీలోని గాలిదే పెద్ద బెంగ. అసలు నిల్వ అంతా పైనున్న ఖాళీలో ఉంది, వైన్ అందులోంచి రోజూ కొంత కొంత తీసుకుంటూనే ఉంటుంది.

చేతిపంపు గురించి అడిగారు కాబట్టి అదీ ఈ లెక్కతోనే చూడండి. పంపు మూడొంతుల గాలిని తోడేసిందనే అనుకుందాం. మిగిలిన పావు వంతులో ఇంకా 20 మి.లీ. దాకా ఆక్సిజన్ ఉంటుంది. అది వైన్‌ను పాడుచేయడానికి చాలినంత. రబ్బరు బిరడా రాత్రికి రాత్రి కొంత గాలిని లోపలికి వదలడం కూడా మామూలే.

వగరు_రుచి

ఇక్కడ నేను నిదానం గారితో పూర్తిగా ఏకీభవించలేను. పంపు అద్భుతమేమీ చేయదు, ఒప్పుకుంటాను. కానీ చిన్న సీసాలోకి ముందే మార్చడం మరిచిపోయిన రోజున, ఫ్రిజ్‌తో పాటు పంపు కూడా వాడితే నాకు ఒకటి రెండు రోజులు కలిసొచ్చాయి. పరిమళం కూడా గాలితో పాటు బయటికి పోతుందని కొందరు అంటారు. అందుకని పది ఇరవై సార్లు కొట్టకుండా, పిడి బిగిసినట్టు అనిపించగానే ఆపుతాను. రబ్బరు బిరడాను ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే, తరువాతి వైన్‌కు పాత వెనిగర్ వాసన అంటుకుంటుంది. అది మాత్రం స్వానుభవం.

నిదానం

రెండు రోజుల లాభం చలిదో పంపుదో తేల్చాలంటే, ఒకే వైన్‌ను రెండు సీసాల్లో పెట్టి, ఒకదానికే పంపు కొట్టి, ఏది ఏదో తెలియకుండా ఎవరిచేతనైనా పోయించుకుని తాగి చూడాలి. నేను చూశాను, నాలుగో రోజున నాకు తేడా తెలియలేదు. మీ నాలుక నాకంటే చురుకైనది కావచ్చు.

జడవాయువు పద్ధతి మాత్రం వేరు. గాలికంటే బరువైన ఆర్గాన్‌ను సీసా ఖాళీలోకి చిమ్మితే అది గాలిని చాలావరకు బయటికి నెట్టేస్తుంది. ఆర్గాన్ దేనితోనూ చర్య జరపదు. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగితే, ఆర్గాన్ 1.7 గ్రాముల దాకా తూగుతుంది. అలాగని అది వైన్ మీద దుప్పటిలా పరుచుకుని కదలకుండా ఉంటుందని అనుకోవద్దు. వాయువులు కొంతసేపటికి కలిసిపోతాయి కాబట్టి, చిమ్మిన వెంటనే బిరడా బిగించాలి. కొరావిన్ అనే పరికరం ఇదే వాయువును సన్నని సూది గుండా కార్కులోంచి లోపలికి పంపి, కార్కు తీయకుండానే వైన్‌ను బయటికి రప్పిస్తుంది. సూది తీశాక కార్కు మళ్లీ మూసుకుంటుంది. ఖరీదైన సీసా నుంచి నెలకొక గ్లాసు తీసుకునేవారికి అది అర్థవంతమైనదే. రోజువారీ సీసాకు చిన్నసీసా గారి గరాటు చాలు.

బుడగలు

షాంపేన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సీసా మెడలో వెండి చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయని మా ఇంట్లో ఇప్పటికీ నమ్ముతారు. చెంచాలో ఏమైనా పస ఉందా?

నిదానం

లేదు. తెరిచిన షాంపేన్ మూత లేకపోయినా ఫ్రిజ్‌లో ఒక రాత్రి బుడగలను నిలుపుకుంటుంది, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ చల్లని ద్రవంలో ఎక్కువ కరిగి ఉంటుంది. ఆ ఘనత అంతా చెంచా ఖాతాలో పడింది. తెరవని షాంపేన్ సీసాలో పీడనం మామూలు గాలి పీడనానికి ఐదారు రెట్లు ఉంటుంది. కాబట్టి రెండు చెవులతో మెడ అంచును పట్టి బిగించే లోహపు బిరడా కొనుక్కోండి. దానితో రెండు మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. గాలి తోడే పంపును మాత్రం బుడగల వైన్‌కు ఎన్నడూ వాడవద్దు, అది మీరు దాచుకోవాలనుకున్న బుడగలనే తోడేస్తుంది.

వంటింటి_తక్కెడ

వంట ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. "తాగలేని వైన్‌తో వండవద్దు" అన్న సూత్రాన్ని అందరూ వల్లిస్తారు. నా దృష్టిలో అది సగమే నిజం. పండ్ల వాసన పోయి చప్పబడిన వైన్ తాగడానికి పనికిరాదు కానీ, గంటల తరబడి ఉడికే వంటకంలో ఆ సున్నితమైన పరిమళాలు ఎలాగూ మిగలవు కాబట్టి, ఫ్రిజ్‌లో రెండు వారాలున్న వైన్ కూడా అక్కడ నిరభ్యంతరంగా పనిచేస్తుంది. ముక్కుకు వెనిగర్ ఘాటు తగిలినా, తడిసిన అట్టముక్క వాసన వచ్చినా అది వంటకు పనికిరాదు. మొదటిది పులుపును పెంచుతుంది. రెండోది కార్కు దోషం, అది వైన్ పాతబడటం వల్ల వచ్చేది కాదు. సందేహం ఉంటే రెండు చెంచాల వైన్‌ను చిన్న గిన్నెలో వెచ్చబెట్టి వాసన చూడండి. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న దోషాలు వేడికి బయటపడతాయి.

మిగిలిన వైన్‌కు అన్నిటికంటే మంచి ఉపయోగం పెనం అడుగున ఉంటుంది. మాంసమో పుట్టగొడుగులో ఎర్రగా వేయించి తీసేశాక, పెనానికి గోధుమరంగు పొర ఒకటి అంటుకుని మిగులుతుంది. నూనె ఎక్కువుంటే వంచేసి, మంట మధ్యస్థంగా ఉంచి, 100 మి.లీ. వైన్ పోయండి. బుస్సున పొంగి ఆవిరి లేస్తుంది, ఆ సమయంలో ముఖం దూరంగా పెట్టుకోవాలి. చెక్క గరిటెతో అడుగంతా గీకితే ఆ పొర కరిగి ద్రవంలో కలుస్తుంది. మొదట్లో వచ్చే ఆవిరి ముక్కులో చురుక్కుమంటుంది, ఆ చురుకు పోయి, గరిటెతో గీసిన గీత ఒక క్షణం అలాగే నిలిచి ఆ తరువాత మూసుకుంటే, అది సిద్ధమైనట్టు. మంట ఆపి, చల్లని వెన్న ముక్క వేసి తిప్పితే సాస్ చిక్కబడుతుంది. ఉప్పు ఆఖరునే వేయాలి, ద్రవం ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కాబట్టి.

ఇగిరేకొద్దీ పెరిగేది ఉప్పొక్కటే కాదు. టానిన్ ఎక్కువున్న ఎర్ర వైన్‌ను పావు వంతుకు ఇగిర్చితే నోరు పట్టేసేంత వగరు వస్తుంది. ఓక్ చెక్క పీపాలో ఉంచిన షార్డొనే అనే తెల్ల వైన్‌తో సాస్ చేస్తే చేదు మిగులుతుంది. అటువంటివాటిని మాంసంతో కలిపి చాలాసేపు ఉడికించే వంటకాలకు వాడండి. మాంసకృత్తులు టానిన్‌ను పట్టుకుని మెత్తబరుస్తాయి. కాక్ ఓ వాన్, బెఫ్ బుర్గిన్యోన్ వంటి ఫ్రెంచ్ వంటకాలు వైన్‌నే ప్రధాన ద్రవంగా వాడేది ఇలాగే. రిసోట్టో అనే ఇటాలియన్ అన్నం వంటకానికి మాత్రం వగరు లేని తెల్ల వైన్ ఒక గ్లాసు చాలు. అది బియ్యం వేగిన వెంటనే, మాంసమో కూరగాయలో ఉడికించిన మరిగే నీరు (స్టాక్) పోయకముందే వేసి పూర్తిగా ఇంకనివ్వాలి.

మరో రెండు సంగతులు. వైన్ పులుపు బంగాళాదుంపలను, చిక్కుడు గింజలను తొందరగా మెత్తబడనివ్వదు, కాబట్టి అవి ఉడికాకే వైన్ చేర్చండి. ఉత్త అల్యూమినియం గిన్నెలో, పూత లేని ఇనుప మూకుడులో వైన్ ఎక్కువసేపు ఉడికిస్తే లోహపు రుచి దిగుతుంది. స్టీలు లేదా ఎనామెల్ పూత గిన్నె వాడండి.

బుడగలు

వంటింటి_తక్కెడ గారు, ఒకేసారి అంత వైన్ వాడే వంట నేను వారంలో చేయను. మిగిలిన ముప్పావు గ్లాసును ఏం చేయమంటారు?

వంటింటి_తక్కెడ

ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. నా ట్రేలో ఒక్కో గుంటకు రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మి.లీ. పడుతుంది, కాబట్టి వంటలో కొలత కూడా తేలిక. 12, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ సున్నాకు దిగువన 5, 6 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి గడ్డ కడుతుంది కానీ, నీటి మంచులా రాయి కాదు, చెంచా దిగేంత మెత్తగా, కాస్త జిగటగా ఉంటుంది. సంచిలో ఒకదానికొకటి అంటుకోకుండా ముక్కల మధ్య కాగితం వేయండి. రెండు మూడు నెలల్లో వాడేయడం మంచిది. కరిగించినప్పుడు అడుగున ఇసుక లాంటి స్ఫటికాలు కనిపిస్తే భయపడవద్దు, చలికి వైన్‌లోంచి విడిపోయిన టార్టార్ లవణం అది, హాని లేదు. నిండు సీసాను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టవద్దు. వైన్ గడ్డకట్టి వ్యాకోచించి కార్కును తన్నేస్తుంది, లేదా సీసానే పగులుతుంది.

తీపి వైపు వెళ్లాలంటే బేరి పండ్లు ఉన్నాయి. చెక్కు తీసిన నాలుగు గట్టి పండ్లను 500 మి.లీ. ఎర్ర వైన్, 120 గ్రాముల చక్కెర, దాల్చినచెక్క ముక్క, నారింజ తొక్కతో సన్నని సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు ఉడికించాలి. పండ్లు తేలిపోకుండా, గిన్నె వెడల్పుకు కత్తిరించిన కాగితం పైన పరచండి. రెండు మూడు సీసాల అడుగుబొట్లు కలిపినా ఇక్కడ ఎవరూ పట్టుకోలేరు. పండ్లు తీశాక మిగిలిన రసాన్ని పాకంలా ఇగిర్చండి, రాత్రంతా అందులో నానితే రంగు గింజలదాకా దిగుతుంది.

సగంసీసా

ఒక ముఖ్యమైన సందేహం. మా ఇంట్లో మిగతావారు ఆల్కహాల్ ముట్టరు. ఉడికితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది కదా, కాబట్టి వారికి వడ్డించవచ్చు అనుకుంటున్నాను.

నిదానం

అలా అనుకోవద్దు. ఆల్కహాల్ 78 డిగ్రీల వద్దే మరుగుతుంది కాబట్టి ముందే పోతుందన్నది చాలామంది నమ్మకం. కానీ నీటితో కలిసినప్పుడు అది అంత తేలికగా విడిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన పట్టికల ప్రకారం, వంటకంలో కలిపి సన్నని సెగ మీద 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. మంట అంటించి చూపించే వంటకాల్లో అయితే ముప్పావు వంతు అక్కడే ఉంటుంది. వెడల్పు పెనంలో, మూత లేకుండా ఉడికిస్తే త్వరగా తగ్గుతుంది, ఇరుకు గిన్నెలో నెమ్మదిగా. ఎంత మొత్తం మిగిలిందన్నది ఎంత పోశారన్నదాని మీద ఆధారపడుతుంది, అది చాలా తక్కువే కావచ్చు. కానీ మతం వల్లనో, మందుల వల్లనో, గర్భం వల్లనో, వ్యసనం నుంచి బయటపడటం వల్లనో వద్దనుకున్నవారికి అడగకుండా వడ్డించడం సరికాదు. ముందే చెప్పి, వారికి వేరే గిన్నెలో వండండి.

పులుపుజాడీ

వెనిగర్ గురించి రాయడానికి నా వంతు వచ్చింది. ముందు నా రెండు తప్పులు చెబితే, పద్ధతి దానంతటదే అర్థమవుతుంది.

మొదటిసారి మిగిలిన వైన్‌ను జాడీలో పోసి, శుభ్రంగా ఉండాలని మూత గట్టిగా బిగించి రెండు నెలలు అల్మారాలో దాచాను. తీసి చూస్తే చప్పటి వైన్ ఉంది, వెనిగర్ లేదు. ఎసిటిక్ బాక్టీరియాకు గాలి లేనిదే పని జరగదు. మీరంతా పైన ఏ గాలినైతే తరిమేయాలని తంటాలు పడుతున్నారో, ఇక్కడ దానినే పిలిచి కూర్చోబెట్టాలి. రెండోసారి గుడ్డ కట్టాను, వెనిగర్ అద్భుతంగా వచ్చింది, ఇంకా ముదరనిద్దామని మరో నాలుగు నెలలు వదిలేశాను. ఆల్కహాల్ అయిపోయాక ఆ బాక్టీరియా తాను చేసిన ఆమ్లాన్నే తినడం మొదలుపెట్టింది, ఆఖరుకు రంగు నీళ్లు మిగిలాయి.

ఇప్పుడు చేసేది ఇది. వెడల్పు మూతి గాజు జాడీలో 500 మి.లీ. వైన్, 250 మి.లీ. నీళ్లు కలుపుతాను. 13 శాతం ఆల్కహాల్ అలా 9 శాతం లోపుకు దిగుతుంది, అంతకంటే ఘాటుగా ఉంటే బాక్టీరియా మందగిస్తుంది. వైన్ చెడకుండా అందులో కలిపిన సల్ఫైట్ కొంత ఎగిరిపోవడానికి ఒక రోజు వెడల్పు గిన్నెలో వదిలేయడం నా అలవాటు. ఆపైన పాలకు తోడు వేసినట్టు, వేడిచేయని, వడగట్టని, బాక్టీరియా బతికున్న వెనిగర్ 250 మి.లీ. చేరుస్తాను. మూతికి దగ్గరి నేత గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు బిగించాలి. పలుచని జాలిగుడ్డ అయితే పండ్ల మీద వాలే చిన్న ఈగలు దూరి గుడ్లు పెడతాయి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండే చీకటి మూల దీనికి అనువు.

రెండు మూడు వారాలకు పైన పొగమంచు లాంటి పలుచని పొర కడుతుంది. అది క్రమంగా చిక్కబడి, వేలితో తాకితే తడి తోలులా జారే పొర అవుతుంది. దానినే వెనిగర్ తల్లి అంటారు. పొర నున్నగా, తడిగా ఉంటే మంచిది. ఆకుపచ్చగానో నల్లగానో, పొడిగా నూగు లేచి ఉంటే బూజు, మొత్తం పారబోయండి. మధ్యలో నెయిల్ పాలిష్ వాసన వస్తే కంగారు పడవద్దు, అది ఇథైల్ ఎసిటేట్, చాలాసార్లు వారాల్లో తగ్గిపోతుంది. రెండు మూడు నెలలకు రుచి చూసి, ముక్కులో ఆల్కహాల్ వాసన తగలకపోతే మూడింట రెండు వంతులు తీసి, ఇరుకు సీసాల్లో మెడదాకా నింపి గట్టిగా మూత పెడతాను. జాడీలోని మిగతా భాగానికి కొత్త వైన్, నీళ్లు కలిపి పోస్తాను. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్ పీపాల్లో వెనిగర్ చేసేవారు పొర చెదరకుండా, గొట్టం గుండా కొత్త వైన్‌ను అడుగుకు పంపేవారు. నేనూ పొడవాటి గరాటుతో అదే చేస్తున్నాను.

ఒక హెచ్చరిక. ఇంటి వెనిగర్‌లో ఆమ్లం ఎంత శాతముందో కొలవకుండా చెప్పలేం కాబట్టి, సలాడ్‌లోకి, సాస్‌లోకి వాడండి కానీ, కూరగాయలను నెలల తరబడి నిల్వ పెట్టడానికి వాడవద్దు. అందుకు కనీసం 5 శాతం ఆమ్లత అని ముద్రించిన సీసానే కొనాలి.

వగరు_రుచి

పోర్ట్, షెర్రీ వంటి, అదనంగా ఆల్కహాల్ చేర్చిన వైన్‌లు తాగేవారి కోసం ఒక మాట. టానీ పోర్ట్ మూడు నాలుగు వారాలు, ఒలొరోసో షెర్రీ నెల దాటి కూడా ఉంటాయి. మదీరా అయితే తయారీలోనే వేడినీ గాలినీ చవిచూసి వచ్చింది కాబట్టి నెలల తరబడి చెక్కుచెదరదు. ఫీనో షెర్రీని, వింటేజ్ పోర్ట్‌ను మాత్రం ఆ జాబితాలో కలపవద్దు, అవి మామూలు వైన్ లాగే కొద్ది రోజుల వ్యవహారం.

చిన్నసీసా

సగంసీసా గారిలా ఒంటరిగా తాగేవారికి అట్టపెట్టె వైన్ కూడా ఒక దారి. 1965లో ఆస్ట్రేలియాకు చెందిన థామస్ ఆంగోవ్ దానికి పేటెంట్ పొందాడు. లోపలి సంచి వైన్ తగ్గేకొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి గాలికి చోటే ఉండదు, కుళాయి తిప్పిన నాటి నుంచి నాలుగు నుంచి ఆరు వారాలు నిలుస్తుంది. గరాటు శ్రమ కూడా తప్పుతుంది. ఎంపిక తక్కువన్నది ఒక్కటే దాని లోటు.

సగంసీసా

మూడు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. రెండు చిన్న సీసాలు సంపాదించి, వాటి మెడకు తెరిచిన తేదీ రాసిన కాగితం అంటిస్తున్నాను, లేకపోతే ఏది ఎన్నాళ్లదో గుర్తుండటం లేదు. తొమ్మిదో రోజున తీసిన కాబర్నే బాగుంది. ఆరో రోజున తీసిన పీనో న్వార్ కొంచెం డీలాపడింది, ఆ రోజు మొదటి గ్లాసు తాగాకే మిగతాది ఒంపానన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇంట్లో మిగతావారికి విడిగానే వండుతున్నాను. ఫ్రీజర్‌లో ఇప్పుడు పదకొండు ముక్కలు ఉన్నాయి. చేతిపంపు కొనలేదు.

పులుపుజాడీ గారికి ఒక ప్రశ్న. నా జాడీలో ఐదో వారానికి పొర చక్కగా కట్టింది. నిన్న అల్మారా సర్దుతూ జాడీని పక్కకు జరిపితే, ఆ పొర ఒక పక్కకు ఒరిగి అడుగుకు మునిగిపోయింది. అంతా చెడిపోయినట్టేనా?

పులుపుజాడీ

ఏమీ చెడలేదు. మునిగిన పొరకు గాలి అందదు కాబట్టి అది ఇక పనిచేయదు, కానీ బాక్టీరియా ద్రవమంతటా ఉంది. వెచ్చగా ఉంటే వారం, పది రోజుల్లో పైన కొత్త పొర కడుతుంది. అది కట్టాక, అడుగున ఉన్నదాన్ని శుభ్రమైన చెంచాతో తీసి పారేయవచ్చు, లేదా మరో జాడీకి తోడుగా వాడుకోవచ్చు. అప్పటిదాకా అల్మారా సర్దవద్దు.